మూఢంలో విప్పని కవరు

మా ఇంట్లో పెరటి తలుపు లేకుండా ఏడాదిన్నర గడిపాం. తలుపు ఉండాల్సిన చోట మిరపకాయల గోతాం విప్పి రెండు మేకులకు వేలాడదీశాను. ఎన్నిసార్లు ఉతికినా దాని ఘాటు పోలేదు. గాలి వీస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. నన్ను ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఆ తలుపు లేకపోవడానికి కారణం నేనే.

మా ఆయన సింగరాయకొండ దగ్గర ఒక బడిలో అటెండరు. ఆయన జీతం మీద ఒంగోలు బ్యాంకులో లోను తీసుకుని రెండు గదుల డాబా మొదలుపెట్టాం. సంతకాల రోజున బ్యాంకు ఆఫీసరు కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిలు గుర్తున్న చోటల్లా చెయ్యమన్నాడు. ఇద్దరం చేశాం. నాది రెండో తరగతి చదువు. ఒక్కో అక్షరం పేర్చుకుని నా పేరు రాసేసరికి ఆఫీసరు తర్వాతి కాగితం తిప్పి పట్టుకుని ఉండేవాడు. అవేమిటని అడగడానికి మొహమాటపడ్డాం.

గోడలు లేచాక పోస్టులో మందపాటి కవరు వచ్చింది. మా ఆయన బడిలో ఉన్నాడు. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. అత్తయ్య దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసింది.

"ఇంటి కాగితాలేనే. ఇప్పుడు విప్పబోకు, మూఢం నడుస్తంది."

శుక్రుడు కనపడని ఆ రోజుల్లో మావైపు ముహూర్తాలు పెట్టరు, గడప నిలబెట్టరు. ఇంటి కాగితమంటే ఇల్లే కదా అనుకున్నాను. కవరుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లో నిలబెట్టాను. సాయంత్రం మా ఆయన చూసి నవ్వాడు.

"ఏమే, దానికి హారతి కూడా ఇస్తావా?"

అన్నాడే గానీ తానూ విప్పలేదు. వాళ్లమ్మ మాట దాటే మనిషి కాదు.

నెల పైన ఆగి, మూఢం వెళ్లాక విప్పాం. అంతా ఇంగ్లీషు. పక్కింటి టీచరమ్మ దగ్గరకు పట్టుకెళ్లాను. ఆవిడ చర్చి బడిలో పాఠాలు చెప్పేది. నిలబడే చదివింది.

"వదినా, ఇవి ఇంటి కాగితాలు కాదు. మీ లోనుకు ఇన్సూరెన్సంట. అన్నయ్యకేమన్నా అయితే బాకీ వాళ్లు కడతారు. దానికయ్యే డబ్బు మొత్తం మీ లోన్లోంచే పట్టుకున్నారు."

లోను ఆఖరి విడత ఎందుకు తగ్గి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. పెరటి తలుపుకీ కిటికీ రెక్కలకీ అనుకున్న డబ్బది.

"మాకొద్దంటే?"

"పదిహేను రోజుల్లోగా వెనక్కిచ్చేయొచ్చని రాశారు. ఎప్పుడొచ్చిందిది?"

కవరు మీంచి పొడిపొడిగా రాలుతున్న కుంకుమ ఆవిడే చూసింది. "యేసయ్యా" అని కవరు మెల్లగా నా చేతిలో పెట్టింది.

మర్నాడే ఇద్దరం ఒంగోలు వెళ్లాం. ఆఫీసరు కవరును అటూ ఇటూ తిప్పాడు.

"పోస్టులో తీసుకున్నది ఎవరు?"

"నేనేనండి."

"అప్పుడే రావాల్సిందమ్మా. గడువు దాటిపోయింది."

"మూఢంలో విప్పకూడదని ఆగామండీ."

పక్క బల్లాయన కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు.

"నేనేం చెయ్యనమ్మా? కంప్యూటరుకు మూఢం తెలవదు. అయినా మంచిదేగా, రేపు మీ ఆయనకేదైనా అయితే..."

"ఆ మాట అనబాకండి బాబూ!" అన్నాను. బ్యాంకంతా నావైపు తిరిగింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చాడు. బస్సులో, "పోన్లేవే, నేను పోతే నీకు తలుపూ వస్తది, ఇల్లూ మిగుల్తది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక కవరు ఎక్కడ పెట్టాలో తోచలేదు. పారేద్దామంటే డబ్బు పోసిన కాగితం. దేవుడి గూట్లో పెట్టి రోజూ దణ్ణం పెట్టుకుంటే, నేను అడుగుతున్నది ఏమిటి? చివరికి బొట్టు తుడిచేసి, అటక మీద పాత గిన్నెల వెనక్కి తోశాను.

గోతాం గుమ్మంతోనే గృహప్రవేశం చేశాం. ఆ ఏడాదిన్నరా ఘాటుకు మా ఆయన ఎప్పుడు దగ్గినా, ఎక్కడున్నా నా చూపు ముందు అటక మీదికే పోయేది.