పేర్లు రాలిపోయిన పాటలు

పోయిన నెలలో ఎల్బీనగర్ నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద మా కారు కదలక మెదలక నిలబడిపోతే, మా అబ్బాయి ఎంతో గొప్పగా ఒక జోలపాట పెట్టాడు. కారు తెర మీద పాడినవారి పేరు ఉండాల్సిన చోట ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’ అని పడింది. తెలియకపోవడమేమిటి నా మొహం! ఆ పాడుతున్నది మా వదినో, ఆమె అక్కో. కంప్యూటర్లతో బతికే మా ఇంటి మేధావి పుణ్యమా అని ఇద్దరిలో ఎవరన్నది ఇక తేలే దారి లేదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఇంకా ఆకాశాన్ని కప్పేయని రోజుల్లో ఇక్కడ వీధికొక క్యాసెట్ల దుకాణం ఉండేది. అలాంటిదొకటి మా అన్నది, పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు నేనూ అందులోనే పనిచేశాను. సినిమా పాటలు నింపివ్వడం అందరూ చేసేదే గానీ, మా అన్నకు మాత్రం నల్లగొండ పల్లెల నుంచి వచ్చి సైదాబాద్‌లో కాపురాలు పెట్టిన మా వైపు ఆడవాళ్లను కూర్చోబెట్టి, పెళ్లిపాటలూ జోలపాటలూ పాడించి రికార్డు చేయడం ఒక పిచ్చి. పాట ఎత్తుకునే ముందు ఎవరైనా సరే తన పేరూ, పుట్టిన ఊరూ చెప్పి తీరాలన్నది ఆయన నియమం. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేవారు, కొందరు అడక్కుండానే తాతముత్తాతల దాకా వెళ్లేవారు. మా వదినా, ఆమె అక్కా అలాగే పేర్లు చెప్పుకుని ఒకే జోలపాటను విడివిడిగా పాడారు. ఆ గొంతులు ఎంత ఒకటంటే పక్కనే కూర్చున్న నేను కూడా కళ్లు మూసుకుంటే పోల్చుకోలేకపోయాను. కొద్దికాలానికే వదిన చంటిబిడ్డను వదిలి పోయింది. ఆ బిడ్డే ఇప్పుడు నా కోడలు, తల్లి గొంతంటే దానికి తెలిసింది ఆ ఒక్క పాటే.

అన్న కూడా పోయాక, టేపులకు బూజు పడుతోందని ఎల్బీనగర్‌లో ఒక స్టూడియో ఆయన చేత కంప్యూటర్లోకి ఎక్కించాం. ఆయనది ఒక రకం తెలివి. పాట ముందు ఈ సోదంతా ఎందుకని ఆ పేర్లు చెప్పుకున్న మాటలన్నీ కత్తిరించి పారేశాడు, కాకపోతే ప్రతి ఫైలు లోపలా ట్యాగు అనే చోట ఎవరు పాడారో, ఏ ఊరో టైపు చేసిపెట్టాడు, పోనీలే అనుకున్నాం. మా అబ్బాయిది ఇంకా పెద్ద తెలివి. ఆ ఫైళ్లు కారులో మోగడం లేదని అన్నింటినీ ఒక్క దెబ్బకు ఎంపీత్రీలుగా మార్చాడు, ట్యాగులు కూడా వెంట వస్తున్నాయా అని చూసే తీరిక దొరగారికి లేకపోయింది, పైగా పాతవన్నీ చెరిపేసి జాగా మిగిల్చానని చంకలు గుద్దుకున్నాడు. టేపులు ఎప్పుడో పాడైపోయాయి, స్టూడియో ఆయన దగ్గరా నకళ్లు లేవు. ఇప్పుడు ఫైళ్లకు పేర్లుగా మిగిలినవి ఉట్టి నంబర్లు. పేర్లేవిరా అని అడిగితే, “పాటలన్నీ మోగుతున్నయి గదమ్మా, క్వాలిటీ గూడ ఏం తగ్గలే. ఇంకేం పోయింది?” అన్నాడు. ఇలాంటి బుర్రలకు నెలనెలా జీతాలిచ్చి మరీ మేపుతున్నారు!

వెనక సీట్లో ఉన్న కోడలు ఇదంతా విన్నది. ఇంటికొచ్చాక ఆ రెండు పాటలనూ మార్చి మార్చి విని నా దగ్గరికొచ్చి, “అత్తా, నువ్వు పక్కనే ఉన్నవు గదా, గీ రెండిట్ల మా అమ్మ ఏదో జర చెప్పు” అంది. వాళ్ల పెద్దమ్మ కూడా పోయి చాలా కాలమైంది, ఎవరు ముందు పాడారో నాకు గుర్తు లేదు, ఏదో ఒకటి చూపించి ఊరడిద్దామనుకుంటే నోరు రాలేదు. ఆ తర్వాత అది ఆ పాటలు పెట్టడమే మానేసింది. ఎందుకే అంటే, “పెద్దమ్మ పాట విని అమ్మా అని ఏడుస్తనేమోనని భయమైతుందత్తా” అంది.

మన రోజుల్లో టేపు గరగరలాడేది, మధ్యలో వీధిలోని రిక్షా బెల్లు కూడా వినిపించేది, అయినా పాడిన మనిషి తనెవరో చెప్పుకుని మరీ పాడేది. ఇప్పుడు శబ్దం అద్దంలా ఉందట. ఉంటే ఏం చేసుకోను? ఇంట్లో జోలపాటలు రెండున్నాయి, నా కోడలికి తల్లి గొంతు మాత్రం లేకుండా పోయింది.