కొక్కెం మీది లైటు

ఇల్లెందు అవతలి బొగ్గుగనిలో, కిందికి దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించి, పైకొచ్చాక తీసుకోవడం ఖాసిం పని. ఇరవై రెండేళ్లుగా అతనికి ఒకటే నమ్మకం: లైటు కొక్కేనికి చేరిందంటే మనిషి క్షేమంగా ఇంటికి చేరినట్టే. చివరి లైటు తుడిచి తగిలించి, సైకిలెక్కి ఈల వేసుకుంటూ వెళ్లిపోయేవాడు. కరోనా రెండో ఎండాకాలంలో ఒకరోజు గనిలోంచి పైకొచ్చిన కొమరయ్య లైటు ఇచ్చి, ఒళ్లు వెచ్చగా ఉందంటూ వెళ్లాడు. వారానికే దవాఖానాలో పోయాడు. అప్పటినుంచి లైట్లన్నీ వచ్చినా ఖాసిం కదలడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. "ఇల్లు చేరినవా? దగ్గు గిట్ల ఉన్నదా?"

మొన్న ఫోనెత్తిన కుర్ర కార్మికుడు శివకుమార్ విసుక్కున్నాడు. "లైటు నీ చేతికే ఇచ్చిన గద చిచ్చా, మళ్ల ఫోనేంది?"

ఖాసిం తుడుపుగుడ్డను మడత మీద మడత పెట్టాడు.

"కొమరయ్య కూడ ఇచ్చిండు బిడ్డా."