ఊ కొట్టని క్లాసు

స్వర్ణలత గురించి చెప్పమంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. అది ఇంకా దిగలేదు.

నాచారంలో మిఠాయి దుకాణాలకు అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుంటాం. ఆమెది జనగామ వైపు, నాది భీమవరం దగ్గర. చిల్కానగర్‌లో ఒకే ఇంట్లో చెరో పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. నా పేరు సత్యవేణి. నోరు పెద్దదని కంపెనీలో పేరుంది. ఉంటే ఉండనీ.

పెట్టెలు మడిచే పనిలో చేతులకు తీరిక ఉండదు గానీ నోటికేం పని? అందుకని స్వర్ణ కథ చెబుతుంది. ఆమె కథల్లో రాజులుండరు. ఉప్పల్ బస్సులో చిల్లర కోసం గొడవపడ్డ కండక్టరు, హబ్సిగూడ హాస్టల్లో సాంబారు దొంగిలించిన వాచ్‌మన్, ఇలాంటివాళ్లే ఉంటారు. మేం చుట్టూ కూర్చుని ఊ కొడతాం. మాలో పెద్దావిడ సాలమ్మ కొట్టే ఊ అయితే గేటు దాకా వినిపిస్తుంది. ఊ గట్టిగా వస్తే స్వర్ణ ఆ ముచ్చటను సాగదీస్తుంది. నీరసంగా వస్తే అక్కడికి తెంపి ఇంకో దారి పడుతుంది. అసలు రాకపోతే ఆగిపోతుంది. వినేవాళ్లు ఉన్నారో లేదో తెలియకుండా ఎవరు మాత్రం చెబుతారు?

"ఇవన్నీ గాలికి పోతున్నయ్ అక్కా, రాసుకుంటే మంచిగుండు" అనేది. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. పెన్ను పట్టుకుంటే రెండు వాక్యాలకే చెయ్యి మొరాయిస్తుందట. అలాంటి మనిషికి ఒకరోజు ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. ఏదో కాలేజీ వాళ్లు కథలు రాయడం ఆన్‌లైన్‌లో నేర్పుతారు. చేరేముందు ఆదివారం ఒక నమూనా క్లాసు పెడతారు, కోర్సు మనకు సరిపోతుందో లేదో అందులో తేలిపోతుంది.

"గిది కూడ నాతోని కాదంటే ఇగ పెన్ను ముట్టనక్కా" అంది స్వర్ణ. నవ్వుతూనే అంది. కానీ అది నవ్వుతాలు మాట కాదని నాకు తెలుసు.

క్లాసప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదని వాళ్ల నియమం. సరేనని నేను గడప అవతల చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. పాఠం చెప్పే మేడం పేరు హరిణి. ఒక్కొక్కరూ తాము రాయాలనుకున్న కథను ముందు నోటితో చెప్పాలట, మిగతావాళ్ల మైకులన్నీ ఆపేసి ఉంచుతారట.

స్వర్ణ కోడి కథ అందుకుంది. బాలింత మనవరాలికని ఒక ముసలమ్మ బతికున్న కోడిని సంచిలో దాచి ఉప్పల్ మెట్రో స్టేషనుకు వస్తుంది. సంచిని తనిఖీ మిషన్లో పెట్టమంటాడు సెక్యూరిటీ అతను.

"సంచి మెల్లగ మిషన్లకు పోతున్నది" అని స్వర్ణ ఆగింది.

చడీచప్పుడూ లేదు.

"వినబడ్తున్నదా మేడం?"

"వినిపిస్తోంది, చెప్పండి."

"సంచి మెల్లగ మిషన్లకు పోతున్నది." మళ్లీ ఆగింది. మళ్లీ అంతే. "నెట్టు పోయిందా మేడం?"

నాకు గొంతుదాకా వచ్చింది ఊ. నియమం గుర్తొచ్చి మింగేశాను. ఇంతలో టైమైపోయిందని మేడం ఇంకొకరిని పిలిచింది.

మర్నాడు మేం అన్నాలు తింటుంటే ఆవిడ ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేక స్వర్ణ స్పీకర్లో పెట్టింది.

"స్వర్ణలత గారూ, మీరు మధ్యలో మర్చిపోయి కంగారుపడ్డారు. తమంతట తాము పని చేసుకోగలిగినవాళ్లకే మా కోర్సు నప్పుతుంది. మీకు సరిపోదనుకుంటున్నాను."

స్వర్ణ తింటున్న డబ్బాకు మూత పెట్టేసింది. "సరే మేడం" అంది.

సరేనా? నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కున్నాను. "ఏమండీ మేడం, మర్చిపోయిందని మీకెవరు చెప్పారు? అంతమంది నోళ్లకు తాళాలేసి, ఆవిణ్ణి ఒక్కదాన్నే మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది? మా ఊళ్లో చంటిపిల్లాడైనా కథ చెబితే ఊ కొడతాడండీ. అంత చదువుకున్నారు, ఆ మర్యాద కూడా తెలీదా మీకు?"

"గోడలకు కథ జెప్పుమంటే ఎట్ల జెప్తది బిడ్డా? జర నువ్వే సోంచాయించు" అని సాలమ్మ కూడా అందుకుంది.

ఇక ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"ఒకటి అడగనా?" అంది హరిణి మేడం. "ఆ కోడి దొరికిపోయిందా?"

అప్పుడు స్వర్ణ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి ఒక్కో మాటా నొక్కి చెప్పింది. "నేను మీకు సరిపోతనా లేదా అని మీరు జూసిన్రు. మీ క్లాసు నాకు సరిపోతదా అని నేను జూడొద్దా మేడం? అందరి మైకులు తెరువుండ్రి. ఆదివారం జెప్త." అని పెట్టేసింది. మేం నోళ్లు తెరుచుకుని చూశాం.

ఆదివారం మైకులు తెరిచారు. ఎవరింట్లోనో మిక్సీ, ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఒక పిల్లాడి ఏడుపు. "వింటున్నవాళ్లు ఊ కొట్టండి" అంది మేడం. ఎవరికి వాళ్లకు సిగ్గు. నేను గడప అవతల పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఈసారి అన్యాయం జరిగితే నేరుగా కెమెరా ముందుకే వెళ్దామనుకున్నాను.

"సంచి మెల్లగ మిషన్లకు పోతున్నది."

ఎవరిదో మగగొంతు "ఊ" అంది. తర్వాత ఒక అమ్మాయి. తర్వాత ముగ్గురు నలుగురు.

మా కంపెనీలో చెప్పినప్పుడల్లా కోడి మిషన్లో కెవ్వున అరుస్తుంది, స్టేషనంతా పరుగులు పెడుతుంది. సాలమ్మ ఊ అలాంటిది మరి. నేనూ ఆ అరుపు కోసమే ఎదురుచూస్తున్నాను.

"కోడి అర్వలే" అంది స్వర్ణ. "సంచి అవతలి దిక్కుకెల్లి బయటికొచ్చింది. ముసల్ది దాని మీద చెయ్యి వెట్టి సూసింది. లోపల కదలిక లేదు."

మిక్సీ ఆగిపోయింది. మైకులన్నీ తెరిచే ఉన్నాయి, ఊ కొట్టడం మాత్రం అందరూ మర్చిపోయారు.

"తర్వాత?" అన్నాను నేను గడప అవతలి నుంచి, వాళ్ల నియమం గుర్తులేక.

గదిలో ఎవరున్నారని హరిణి మేడం అడగలేదు. "చెప్పండి స్వర్ణలత గారూ, తర్వాత?" అని ఆవిడా అంది.

"మిగిలింది రాసి పంపుత మేడం. కోర్సుల జేరుతున్న" అంది స్వర్ణ.

అన్నట్టే సాయంత్రానికల్లా చేరిపోయింది. ఇప్పుడు పని నుంచి రాగానే తలుపు దగ్గరికి వేసుకుని రాస్తోంది. కోడి బతికిందా చచ్చిందా అని నేనెంత అడిగినా, "రాస్తున్నక్కా, ఆగు" అంటుంది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని ఊ కొట్టినదాన్ని, నేనూ అందరితోపాటు చదివి తెలుసుకోవాలట.