సుబ్బక్క పట్టుకున్న హంతకుడు

పెనుకొండ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే వెంకటసుబ్బమ్మకు చదువు రాదు. కానీ ఆదివారం పదకొండు గంటలకు టీవీలో ‘మూడో కిటికీ’ మొదలైతే, హంతకుడెవరో డిటెక్టివ్ కంటే ముందే చెప్పేసేది. పిల్లలకు ఆమె సుబ్బక్క. సంగటి కెలికిన చేతులు కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, టీవీకి ఎదురుగా కూర్చునేది.

1996లో ఎస్టేటు యజమాని హత్య కేసు నడిచింది. శవం పక్కన పొగలు కక్కుతున్న పాలగ్లాసు, వెనక తెరిచి ఉన్న కిటికీ. హత్యకు గంట ముందే పాలు కాచిపెట్టి తాను ఊరికి పోయానని బావమరిది పోలీసులకు చెప్పాడు.

“అబద్ధం చెప్తాండాడు!” సుబ్బక్క లేచి నిలబడింది. “గంట ముందు కాచిన పాలయితే మీగడ యాడ?”

తొమ్మిదో తరగతి రాధ చప్పట్లు కొట్టింది. తరువాతి వారం డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అన్నాడు. ఆ వారానికి అంతటితో ఆపేశారు. మరుసటి ఆదివారం ఆ సమయానికి వేరే కార్యక్రమం వచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. రాధ ధర్మవరంలో టీచరైంది. ఒకరోజు హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

“అక్కా, మూడో కిటికీ మళ్లా వస్తాండాది! పాత కేసు నుంచే మొదలంట!”

సుబ్బక్క వేసిన కేకకు వార్డెన్ హేమలత పరుగెత్తుకొచ్చింది. ఆ వారమంతా సుబ్బక్క కూరగాయలు తరుగుతూ కొత్త పిల్లలకు పాత కథంతా చెప్పింది. ఆదివారం రాధ మొదటి బస్సుకే దిగింది.

పాత సంగీతం వినబడగానే పిల్లలు ఈలలు వేశారు. కానీ డిటెక్టివ్ వేరే మనిషి. ఒక్కొక్కరి మొహాన్నీ మూడుసార్లు చూపించి ఉరుములు వినిపించారు. చివరికి హంతకుడు దొరికాడు. యజమానికి కవల తమ్ముడట, సింగపూర్ నుంచి వచ్చాడట. అంతవరకు అతని పేరు కూడా కథలో లేదు.

“ఎవురమ్మా వీడు?” సుబ్బక్క టీవీ వైపు వేలు చూపించింది. “మనకు చూపించని మనిషిని తెచ్చి వీడే అంటే, మనం కండ్లు చించుకొని చూసిందంతా ఏమైపోయినట్టు?”

రాధ టీవీ కట్టేసింది. “నువ్వు చెప్పక్కా. నువ్వే పట్టుకో.”

సుబ్బక్క కొంగు బిగించింది. ఒక పిల్లను బావమరిదిగా నిలబెట్టి, స్టీలు గ్లాసు చేతికిచ్చింది. “ఊరికి ఎన్ని గంటలకు పోతివి? పాలు ఎవురు కాచిరి? మీగడ ల్యాకుండా పొగలెట్ల వస్తాండాయి? నువ్వు యాడికీ పోలేదు, తలుపెనకాలే ఉంటివి!”

“చంపింది నేనే!” ఆ పిల్ల అరిచింది. గదంతా కేరింతలు. అన్నం ఆలస్యమైందని మందలించడానికి వచ్చిన హేమలత గుమ్మంలోనే ఆగిపోయింది.

“మరి కిటికీ ఎవరు తెరిచారు సుబ్బమ్మా?” అంది ఆత్రంగా.

ఆ తరువాత ఆదివారాలు పదకొండింటికి టీవీ పెట్టమని పిల్లలెవరూ అడగలేదు. సుబ్బక్క సొంతంగా కేసులు కల్పించి చెప్పేది. రాధ ఒకటి రాసి వారపత్రికకు పంపితే, హంతకుడు ముందే తెలిసిపోతున్నాడని తిప్పి పంపారు. సుబ్బక్క ఆ మాట విని వారం రోజులు ఆలోచించి కొత్త కథ కట్టింది. ఈసారి రాధ కూడా తప్పు మనిషి పేరే చెప్పింది.