తోమా పండుగ టీచరమ్మ

నా భార్య చనిపోయింది. ఈ వేసవిలో, మిర్యాలగూడ దవాఖానలో. డాక్టరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మణికట్టు మీద చెయ్యి పెట్టి చూశాను. ఆ తర్వాతే బయటికి వచ్చి అందరికీ చెప్పాను. ఆమె ఉంటే నవ్వేది. "ఇగో, మా ఇంటి తోమా" అనేది.

ఆమెను తలుచుకోవాలంటే ముందు తోమా సంగతి చెప్పాలి. ఏసు శిష్యుల్లో ఒకడు. ప్రభువు సమాధి నుంచి లేచి వచ్చిననాడు అతను అక్కడ లేడు. తక్కినవాళ్లు మేం చూశామంటే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. ప్రభువు మళ్లీ వచ్చి, పెట్టి చూడమన్నాడు. ఆ తోమాయే సముద్రం దాటి మన దేశం వచ్చాడనీ, మద్రాసు దగ్గర కొండ మీద ఈటె పోటుకు ప్రాణం విడిచాడనీ మావాళ్ల నమ్మకం.

నా భార్య పుట్టిన పల్లె నేరేడుచర్ల దారిలో ఉంది. అక్కడి గుడి తోమా పేరిటే. తాతల కాలంలో ఒక తెల్ల ఫాదర్‌గారు గుర్రం మీద వచ్చి, రేపు తోమా పండుగ, సిద్ధంగా ఉండండని చెప్పి వెళ్లారట. ఆయన తెలుగు అంతంతమాత్రం. ఆడవాళ్లకు తోమే పండుగ అని అర్థమైంది. తెల్లారేసరికి పల్లెలోని ప్రతి బిందె, చెంబు, గంగాళం చింతపండూ బూడిదా పెట్టి తోమి గుడిసె గుడి ముందు వరుసగా పేర్చారు. ఫాదర్‌గారు గుర్రం దిగి ఆ వరుసంతా చూశారట. ఆ పాత్రల్లోనే పండుగ వంట వండించారట. అప్పటినుంచి అదే ఆచారం.

నేను సూర్యాపేటలో కాలేజీ లెక్చరర్ని. ఆమె మిర్యాలగూడలో బడిపంతులమ్మ. ఏటా జూలైలో పండుగకు ముందురోజు, తల్లి పెళ్లికిచ్చిన ఇత్తడి బిందెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేది. ఒకసారి కండక్టర్ ఎగతాళి చేశాడు. "ఏంది టీచరమ్మా, మిర్యాలగూడల నీళ్లు దొరుకుతలేవా?"

"నీళ్లున్నయి తమ్మీ. మెరుపే లేదు."

మెరుపుకు ఆమె దగ్గర ఒక కొలత ఉండేది. రోడ్డు మీద పోయే బస్సు డ్రైవర్ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవాలె, అప్పుడే తోమినట్టు, అనేది. బడిలో పిల్లలు ఎక్కం తప్పు చెప్పినా కోప్పడేది కాదు. తెలియనిది తెలిసినట్టు చెబితే మాత్రం ఊరుకునేది కాదు. తోమా ఆమెకు నచ్చింది అందుకే. నమ్మనప్పుడు నమ్మినట్టు నటించలేదు కదా అనేది.

ఎనభైల చివర్లో పల్లెలో గుడిసె తీసేసి పక్కా గుడి కట్టారు. పండుగ రోజే బిషప్‌గారు వచ్చి దాన్ని ఆశీర్వదిస్తారని కబురొచ్చింది. గుడి పెద్ద ఆమె మేనమామ. కోదాడలో ఆఫీసరు. పండుగ ముందు మీటింగ్ పెట్టి, ఈసారి గుడి ముందు ఒక్క గిన్నె కనపడొద్దన్నాడు.

"తోమా అంటే అంట్లు తోమేటోడు అనుకుంటున్నరా? పక్కూరోళ్లు ఇప్పటికే అంట్లోళ్ల దేవుడంటున్నరు. బిషప్‌గారి ముందు గూడ పరువు తీస్తరా?"

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో చాలామంది ఏడాది పొడుగునా ఊరి ఇళ్లలో అంట్లు తోమేవాళ్లే. సొంత గిన్నె తోముకుని నలుగురి ముందు పెట్టుకునే రోజు వాళ్లకు అదొక్కటే. అది ఆ పూట పోయేలా ఉంది. అప్పటి మా గుడి ఫాదర్‌గారు ఒక మూల కుర్చీలో కూర్చుని వింటున్నారు.

నా భార్య లేచింది. గొంతు పెంచలేదు.

"మామా, చెయ్యి పెట్టి సూడంది నమ్మనన్నడు తోమా. మేం గూడ గంతే. మా చేతులతోని చేసిందే మాకు నమ్మకం. తక్కిన శిష్యులు ఎటు పోయిన్రో గాని, నమ్మనన్నోడే మన దాంక వచ్చిండు. ఆయన పండుగ ఎట్ల చెయ్యాల్నో ఆయన్నే అడుగు."

"నిన్ను చదివియ్యమన్నది నేనే బిడ్డా. నాకు గిట్లనే కావాలె" అన్నాడు మామ.

ఎవరో నవ్వారు. ఫాదర్‌గారు లేచి లోపలికి వెళ్లారు. కోపమొచ్చిందనుకున్నాం. మైనం కారి నల్లబడిన ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు రెండు చంకన పెట్టుకుని వచ్చి ఆమె ముందు దించారు.

"టీచరమ్మా, ఇవి గూడ జర తోమియ్యండి."

పండుగ నాడు పొద్దున మబ్బు పట్టింది. బిషప్‌గారి జీపు వచ్చేసరికి ఎండ కాసింది. గుడి గోడ పొడవునా ఇత్తడీ రాగీ భగ్గున వెలిగాయి. ఆయన దిగి అక్కడే నిలబడిపోయారు. ఇదేమిటని అడిగితే ముందుగా జవాబిచ్చింది మామే.

"తోమా పండుగండీ. మా తాతల నాటి ఆచారం."

బిషప్‌గారు వరుస వెంట నడుస్తూ ఏ పాత్ర ఎవరిదని అడిగారు. తలలు దించుకున్న ఆడవాళ్లే ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఇది నాది, ఇది నాది అన్నారు. నా భార్య నా పక్కనే ఉంది. చింతపండు పులుసుకు పగిలిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుంది.

మరుసటేడు మామ కోదాడ నుంచి బస్సులో, తల్లి గంగాళాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. తొంభైల్లోకి వచ్చేసరికి కోదాడ వైపు చిలుకూరు, అనంతగిరి నుంచి కూడా బిందెలు రావడం మొదలైంది. వీళ్లతో అంట్లు తోమించుకునే ఊరి ఇళ్ల ఆడవాళ్లు సైతం, మా చెంబు కూడా పెట్టొచ్చా అని అడిగారు. పెట్టండి, గాని మీరే తోమాలె, అంది నా భార్య.

ఈ జూలైకి ఇంట్లో బిందె నల్లబడి ఉంది. చింతపండు నానబెట్టాను. బూడిద పక్కింటివాళ్లు ఇచ్చారు. మెడ దగ్గర ఆమె చేతికి అరిగి నున్నబడిన చోటు నా వేళ్లకు తగిలింది. చాలాసేపు అక్కడే తోమాను.

బిందెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పల్లెలో వరుస అప్పటికే గుడి గోడ దాటి రోడ్డు దాకా వచ్చింది. మొదటి చోటు ఒక్కటే ఖాళీగా ఉంచారు. అక్కడ పెట్టాను. మబ్బు తొలగింది. నేరేడుచర్ల వైపు నుంచి వస్తున్న బస్సు ఒకటి మా ముందుకొచ్చి నెమ్మదించింది. డ్రైవర్ ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, రెండో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.