కాలు కింద పెట్టకుండా

చైన్‌కి కొట్టే స్ప్రేకి ఒక వాసన ఉంటుంది. కిరసనాయిల్లో మైనం కరిగించినట్టు ఘాటుగా ఉండి, ముక్కును ఓ పట్టాన వదలదు. సర్వీసింగ్‌కిచ్చిన నా మోటార్‌సైకిల్ తెచ్చుకుందామని నిన్న న్యూజెర్సీ పిస్కాటవేలో షాపులోకి అడుగుపెట్టగానే ఆ వాసన గుప్పుమంది. మార్చి నెలాఖరు. మంచుకని చల్లిన ఉప్పు రోడ్ల అంచున ఇంకా తెల్లగానే ఉంది. మెకానిక్ తాళం నా చేతిలో పెట్టి, ఆయిల్ మార్చాను, బ్రేకులు చూశాను, ఇక ఈ సీజనంతా హాయిగా తిరుగు అన్నాడు. థాంక్యూ అన్నాను గానీ నా చెవిలో వేరే గొంతు వినిపిస్తోంది. "బండిని మెకానిక్ చూస్తాడు. మరి నిన్నెవరు చూస్తారే?" అది రూతాంటీ గొంతు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఏడాదంతా ఎలాగో నెట్టుకొస్తాను గానీ, ఈ మార్చి నెల మాత్రం నన్ను చంపుకు తింటుంది.

ఖమ్మం నుంచి ఎమ్మెస్‌కని అమెరికా వచ్చినప్పుడు ఆవిడింట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడది నరసాపురం. ఇక్కడ డయాలసిస్ సెంటర్లో నర్సు. భర్త ఎప్పుడో పోయారు, ఒక్కగానొక్క కూతురు సియాటిల్లో ఉండేది. ఆదివారం పట్టుచీర కట్టుకుని తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చుని పాడే మనిషి, శనివారం లెదర్ జాకెట్ తగిలించుకుని నల్లటి మోటార్‌సైకిలెక్కి చక్కా వెళ్ళిపోయేవారు. యాభై దాటాక కొనుక్కున్నారట. ఈ వయసులో ఇదేం పిచ్చని చర్చిలో కొందరు చెవులు కొరుక్కునేవారు. ఆవిడ పట్టించుకుంటేగా! ఒకసారి ఉండబట్టలేక నేనూ అడిగేశాను, భయం వెయ్యదా ఆంటీ అని. "ఆస్పత్రిలో అందరికీ నేను కావాలి. చర్చిలో వంటలకీ వార్పులకీ నేనే కావాలి. ఫోన్ మోగితే నా కూతురికి కావాలి. ఈ బండి మీద ఉన్నంతసేపూ నేనెవరికీ అక్కర్లేదమ్మాయ్. ఆ సుఖం నీకేం తెలుసు?" అన్నారు. అప్పుడు నా వయసు ఇరవై మూడు. నాకు నిజంగానే తెలీదు.

ఆవిణ్ని చూసి నేనూ లైసెన్సు తెచ్చుకుని ఓ పాత బండి కొన్నాను. ఖమ్మం ట్రాఫిక్‌లో నాన్న బండి నడిపినదాన్ని, ఇక్కడి ఖాళీ రోడ్లు నాకో లెక్కా అనుకున్నాను. మొదటి మంచు పడగానే బండి మీద కవరు కప్పేసి, నా పని అయిపోయిందనుకుని చేతులు దులుపుకున్నాను. మన దగ్గర బండికి శీతాకాలం ఏమిటసలు? ఎండయినా వానయినా ఓ తన్ను తంతే స్టార్టవుతుంది, లేదంటే రెండో తన్నుకి అవుతుంది. మార్చిలో ఎండ కాయగానే తయారై కిందికి దిగి బటన్ నొక్కాను. టిక్కుమంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టిక్కుమంది. వంటింటి కిటికీ లోంచి నవ్వు వినపడింది. "ట్యాంకులో గ్యాస్ అట్టాగే వదిలేశావా? బ్యాటరీ తీసి లోపల పెట్టలేదూ? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" నిలవున్న పెట్రోలు జిగురులా మారిపోతుందనీ, చలికి బ్యాటరీ చచ్చూరుకుంటుందనీ నాకెవరు చెప్పారు గనక? నా మొహం చూసి ఆవిడే జాలిపడి, తన బండితో పాటు నా బండినీ సర్వీసింగ్‌కి పంపించారు.

బండి తిరిగొచ్చిన రోజు నేను ఆత్రంగా హెల్మెట్ పెట్టుకుంటుంటే ఎదురొచ్చి నిలబడ్డారు. అప్పుడే ఆ మాట మొదటిసారి విన్నాను, నిన్నెవరు చూస్తారే అని. చలికాలమంతా బండి ఒక్కటే మొద్దుబారదట, మనిషి కూడా మొద్దుబారుతుందట. చేతులు మర్చిపోతాయి, కళ్ళు మర్చిపోతాయి, గుండె మాత్రం అన్నీ గుర్తున్నట్టే ఎగిరిపడుతుంది అన్నారు. చర్చి వెనక పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళారు. కార్లు ఆపుకోవడానికి గీసిన గళ్ళుంటాయి కదా, రెండు గళ్ళ వెడల్పులో నెమ్మదిగా బండిని గుండ్రంగా వెనక్కి తిప్పాలి. కాలు కింద పెట్టకూడదు. ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఓ మూల నిలబడ్డారు. వేగంగా పోవడం ఎవడైనా చేస్తాడు, నెమ్మదిగా పోతూ పడకుండా నిలబడ్డవాళ్ళకే బండి వచ్చినట్టు అని ఆవిడ లెక్క. నేను తిప్పిన ప్రతిసారీ కాలు కింద పడింది. "ఏప్రిల్ అంతా ఇక్కడే తిప్పుకో. రోడ్డెక్కావంటే నేను ఊరుకోను" అనేసి తన పరీక్ష తాను పూర్తి చేసుకుని, నా కళ్ళ ముందే రోడ్డెక్కి వెళ్ళిపోయారు. ఒళ్ళు మండిపోయింది. గదికి పోయి ఏడ్చాను కూడా. మొహం మీద అంత ఉన్నదున్నట్టు మాట్లాడతారా ఎవరైనా?

కానీ మే నెలలో కాలు కింద పెట్టకుండా తిప్పిన రోజు ఆవిడ ఫ్లాస్కు మూతలో నాకూ కాఫీ పోసిచ్చారు. బాగుంది అనలేదు. "ఊఁ, పద" అన్నారు, అంతే. ఆ ఒక్క మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఇక అప్పట్నుంచీ ప్రతి మార్చిలోనూ ఇదే తంతు. ముందు రెండు బండ్లకీ సర్వీసింగ్, తరవాత ఇద్దరికీ పరీక్ష. నేను చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఆవిడ అటు తిరిగి నిలబడి, "మీ దేవుడికి నువ్వు చెప్పుకో, మా ప్రభువుకి నేను చెప్పుకుంటాను. ముందా బ్రేకు పట్టి చూడు" అనేవారు. ఉద్యోగమొచ్చి జెర్సీ సిటీకి మారాక కూడా పరీక్షకి మాత్రం తప్పకుండా వెళ్ళేదాన్ని. ఆఫీసులో నేనేం చేసినా "గ్రేట్ జాబ్" అనేవాళ్ళే. అది నమ్మాలో వద్దో తెలిసేది కాదు. పార్కింగ్ లాట్‌లో ఆవిడ "ఊఁ" అంటే మాత్రం నమ్మేదాన్ని.

ఒక మార్చిలో వెళ్ళేసరికి ఆవిడ ఎందుకో హడావిడిగా ఉన్నారు. నా వంతు అయ్యాక తన బండెక్కారు. మొదటిసారి తిప్పుతుంటే ఇంజిన్ ఆగిపోయి కాలు కింద పడింది. "ఉప్పు ఇంకా కడగలేదు, జారుతోంది" అన్నారు. రెండోసారి బండి ఒక్కసారి ముందుకు ఎగిరి పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ గెంతి తప్పుకున్నారు. పరిగెత్తుకెళ్ళి ఇద్దరం కలిసి లేపుతుంటే చూశాను. ఎడమ చేతి వేళ్ళు క్లచ్చి మీద ఉన్నాయి గానీ బిగుసుకోవడం లేదు. డిసెంబరు నుంచీ స్పర్శ లేదట. నరాల జబ్బు. నర్సు కదా, అదెక్కడిదాకా పోతుందో ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. జాకెట్ దులుపుకుని, నా వంక చూడకుండా, "ఏమ్మాయ్, పర్వాలేదు కదా?" అన్నారు. అన్నేళ్ళలో ఆవిడ నన్ను అలా అడగడం అదే మొదలు. ఆ "పర్వాలేదు కదా"లో ఎంత ఆశ ఉందో నాకు వినిపించింది. అవునంటే ఆవిడ రోడ్డెక్కుతారు, పడతారు. కాదంటే ఆ బండి మీది సుఖం ఆవిడకి ఇక ఉండదు. చివరికి, "వద్దాంటీ. ఈ ఏడు వద్దు" అన్నాను.

"చెప్పడానికి నువ్వెవరే?" అన్నారు. హెల్మెట్ తీసి, బండి అక్కడే వదిలేసి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు. బండి నేనే తోసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టి వచ్చాను. తలుపు కొడితే ఆవిడ తియ్యలేదు. ఆ తరవాత ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. ఏప్రిల్ గడిచింది, మే వచ్చింది. నా బండి మీద బయటికి వెళ్ళినప్పుడల్లా దొంగతనం చేస్తున్నట్టు అనిపించి వెనక్కి వచ్చేసేదాన్ని. నేనెవర్ని అనడానికి అని పదిసార్లు అనుకున్నాను. అయినా అనకుండా ఎలా ఉండేదాన్నో ఇప్పటికీ నాకు తెలీదు.

ఒక శనివారం పొద్దున్నే ఆవిడే ఫోన్ చేశారు. "బండి పడింది కదా, మళ్ళీ సర్వీసింగ్‌కి పంపించాను. తెచ్చుకోవాలి. రా" అని పెట్టేశారు. అంటే నడపబోతున్నారన్నమాట! ఎలా ఆపాలా అని దారిపొడుగునా తల బద్దలు కొట్టుకుంటూ వెళ్ళాను. షాపు ముందు హెల్మెట్‌తో సహా తయారుగా నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే తాళం నా మీదికి విసిరారు. "నువ్వు నడుపు. నేనెప్పుడూ ఎవరి వెనకా కూర్చోలేదు, మా ఆయన వెనక కూడా. సరిగ్గా నడపకపోతే నీ పని చెప్తాను" అంటూ వెనక ఎక్కారు.

డెలావేర్ నది పక్కన రోడ్డుకి వెళ్ళాం. మొదటి అరగంట తిట్లే తిట్లు. మలుపు దగ్గర భయపడుతున్నావేంటే, గేరు మార్చు, ముందున్న లారీకి అంత దగ్గరగా పోతావా, కళ్ళున్నాయా లేవా అని. తరవాత ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. నది ఒడ్డున చెట్ల కింద కొత్త ఆకుల నీడలో ఆపాను. ఆవిడ దిగలేదు. "ఆ రోజు నువ్వు పర్వాలేదని ఉంటే వెళ్ళిపోయేదాన్ని. వెళ్ళి ఎక్కడో పడి ఉండేదాన్ని" అన్నారు. "అట్టాగని నీ మీద కోపం పోయిందనుకోకు. పోలేదు. ఇంకాస్త దూరం పోనీయ్" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం అంటూనే ఉన్నారు. ఎండ దిగేదాకా నడిపాను.

ఆ శరదృతువులో కూతురు వచ్చి ఆవిణ్ని సియాటిల్ తీసుకెళ్ళింది. వెళ్ళే ముందు ఆ నల్ల బండి నా పేర రాయించి ఇచ్చారు. నా పాతది అమ్మేశాను. ఆ చలికాలం దాటకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. నిన్న షాపు నుంచి తెచ్చుకున్నది ఆ బండినే. తిన్నగా చర్చి వెనక్కి వెళ్ళాను. కాలు కింద పెట్టకుండానే తిప్పాను. తిప్పి, ఆ మూలకి చూశాను. ఎవరున్నారు చూడ్డానికి? బాగా తిప్పానో లేదో నాకే తెలీలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆవిడ వచ్చి నన్ను తిట్టిపోస్తే ఎంత బాగుండును అనిపించి, హెల్మెట్ లోపలే ఏడ్చాను.

ఆ రోజు నది పక్కన పోతున్నంతసేపూ ఆవిడ చేతులు నా భుజాల మీదే ఉన్నాయి. కుడి చేత్తో గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు నొక్కుకునేంతగా. ఎడమ చెయ్యి మాత్రం ఊరికే ఆనించి ఉంచారు. దానికి పట్టు లేదు. పట్టు లేకపోయినా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకోలేదు, నా భుజం మీదే ఉంచారు. సీజన్‌లో మొదటిసారి బండెక్కిన ప్రతిసారీ నా కుడి భుజానికి ఏమీ అనిపించదు. ఎడమ భుజం మాత్రం బరువు కోసం చూస్తుంది.