నాలుగో మనిషికి నీళ్ళు

నేను నర్సుని. చనిపోయినవాళ్ళను కడిగి, గుడ్డ కప్పి, మార్చురీకి పంపిన చేతులివి. ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అందుకే దయ్యాలంటే నాకు భయం లేదు సరికదా, ఆ కబుర్లు మొదలుపెట్టేవాళ్ళంటే ఒళ్ళు మంట. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా తెలుగు చర్చిలో ఎవరైనా వచ్చి "ఆంటీ, మా బేస్‌మెంట్‌లో రాత్రిళ్ళు ఏదో తిరుగుతోంది" అంటే, "ఎలకలేమో, మందు పెట్టుకోండి" అని మొహం మీదే చెప్పేదాన్ని.

అలాంటి నాకే ఇది జరిగింది. చర్చిలో చాలామందికి ఈ సంగతి సగం తెలుసు. మిగతా సగం వాళ్ళే కల్పించి చెప్పుకుంటున్నారని ఈ మధ్య నా చెవిన పడింది. పోనీలే అని ఊరుకుంటే రేపు మా బండి గాల్లో ఎగిరిందని కూడా అంటారు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేనూ మా ఆయన దావీదూ కువైట్‌లో కాపురం పెట్టాం. నేను ఆసుపత్రిలో, ఆయన ఒక కంపెనీ వర్క్‌షాపులో. మా ఆయన అక్క కరుణ వదిన కూడా మా ఆసుపత్రిలోనే, ల్యాబ్‌లో పనిచేసేది. ఆమె భర్త ఇమ్మానుయేలు అన్నయ్య మాత్రం మస్కట్‌లో, రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు. మొగుడొక దేశంలో, పెళ్ళామొక దేశంలో. అప్పట్లో గల్ఫ్ సంసారాలు చాలావరకు అలాగే ఏడిచేవి.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం మస్కట్ నుంచి ఫోనొచ్చింది. అన్నయ్య ఎక్కిన జీపు కొండ దారిలో పల్టీ కొట్టింది, తలకి దెబ్బ తగిలింది, స్పృహ లేదు. "చూడాల్సినవాళ్ళెవరైనా ఉంటే వెంటనే రమ్మనండి" అన్నాడట డాక్టరు. ఆ మాటకి అర్థమేమిటో నర్సుకి వేరే చెప్పక్కర్లేదు. వదినకి నేను చెప్పలేదు.

పండగ సెలవులు కావడంతో విమానంలో సీట్లు లేవు. సరిగ్గా అప్పుడే మా ఆయన కంపెనీ ఒక పెద్ద స్టేషన్ వాగన్‌ని మస్కట్ బ్రాంచికి పంపాల్సి వచ్చింది. మా ఆయన, వీసాలు చూసే ఆఫీసు మనిషి కాళ్ళావేళ్ళా పడి ముగ్గురికీ దారి వీసాలు వేయించాడు. కువైట్ నుంచి సౌదీ, సౌదీ నుంచి ఎమిరేట్స్, అక్కడినుంచి ఒమాన్. మూడు సరిహద్దులు, మిగతాదంతా ఇసుక. మేం చేరేదాకా అన్నయ్య ప్రాణం నిలుస్తుందా లేదా, అదొక్కటే మా దిగులు.

బయల్దేరే రోజు పొద్దున్నే ప్రార్థన చేసుకున్నాం. ఆమేన్ అన్న నోటితోనే వదిన, "ఒరే తమ్ముడూ, ముగ్గురం అవుతున్నాం కదరా" అంది.

మా గోదావరి వైపు ముగ్గురు కలిసి పని మీద బయల్దేరితే ఆ పని కాదంటారు. తప్పనిసరైతే ఒక రాయిని వెంట పెట్టుకుని నాలుగో మనిషి కింద లెక్కేస్తారు. పని అయ్యాక పారేస్తారు. మా వాళ్ళు తాతల కాలంలోనే చర్చిలో చేరారు గానీ, తుమ్మునీ ఈ రాయినీ మాత్రం వదల్లేదు.

ఎదురుగా కడుతున్న బిల్డింగ్ దగ్గర కంకర గుట్ట ఉంటే, వదిన వెళ్ళి గుప్పిట్లో పట్టేంత రాయి ఏరింది. రుమాల్లో చుట్టి వెనక సీట్లో తన పక్కన పెట్టుకుంది. "హమ్మయ్య, ఇప్పుడు నలుగురం" అంది.

"దానికి వీసా ఉందా వదినా?" అన్నాను. అంత బాధలోనూ నవ్వింది పాపం.

మొదటి సరిహద్దు దగ్గర సౌదీ అధికారి మా మూడు పాస్‌పోర్టులూ తీసుకున్నాడు. వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. మళ్ళీ పాస్‌పోర్టులు చూశాడు. "నాలుగోది?" అన్నాడు. ముగ్గురమే అని మా ఆయన చెప్పాడు. ఆ మనిషి వెనక తలుపు తెరిచి, కాసేపు చూసి, కళ్ళు నులుముకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. పట్టపగలు, నెత్తిన ఎండ. ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయేమో అనుకున్నాం.

"చూశావా, రాయికి నిజంగానే వీసా అడిగాడు" అని నేను నవ్వాను. మా ఆయనా నవ్వాడు.

ఆ దారి గురించి ఏం చెప్పను! పొద్దున్న చూసిన ఇసుకే మధ్యాహ్నమూ, మధ్యాహ్నం చూసిందే సాయంత్రమూ. అక్కడక్కడా ఒంటెలు, తుప్పు పట్టిన కార్లు. ఏసీ పేరుకే ఉంది. ఒక పెద్ద క్యాన్‌లో ఐసు వేసి నీళ్ళు, మూడు స్టీలు గ్లాసులు తెచ్చుకున్నాం. బండి ఆపినప్పుడల్లా నేనే గ్లాసులు నింపి ముగ్గురికీ ఇచ్చాను. వదిన వద్దంటున్నా బలవంతంగా తాగించాను.

ఒక సంగతి మాత్రం అప్పుడే గమనించాను. వెనక సీటు ముగ్గురు కూర్చునేంత వెడల్పు. వదిన ఒక్కతే. అయినా తలుపుకి అతుక్కుపోయి కూర్చుంది. "కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోవచ్చుగా" అన్నాను. "ఏమో సుశీలా, ఇరుగ్గా ఉంది" అంది. నిద్ర లేక అలా మాట్లాడుతోందనుకున్నాను.

సౌదీలో కంపెనీ గెస్ట్ హౌస్‌లో పడుకుని మర్నాడు మధ్యాహ్నానికి ఎమిరేట్స్ సరిహద్దు చేరాం. అక్కడ కుర్ర అధికారి. మా పాస్‌పోర్టులు చూడగానే మొహం మాడ్చుకున్నాడు. నలుగురుండగా మూడే ఇస్తారేమిటని గద్దించాడు. మా ఆయన లేదంటాడు, అతను ఉన్నాడంటాడు. చివరికి మమ్మల్ని కిందకి దింపాడు. బండిలో వెతికాడు, కింద వంగి చూశాడు, వెనక సామాన్లన్నీ తీయించాడు. తిప్పి పంపేస్తాడేమోనని మా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఏమీ దొరక్క, వదిన వైపు చెయ్యి చూపించి ఏదో అరిచాడు. నాకు వచ్చింది ఆసుపత్రి అరబ్బీ ఒక్కటే. నొప్పి, రోగి, తల, కట్టు, పడుకో, లే. నా ఖర్మ ఏమిటంటే, అతను అన్నవన్నీ ఆ మాటలే.

తలకి కట్టుతో ఉన్న రోగి ఎక్కడ? ఇప్పటిదాకా ఈమె భుజం మీద తల పెట్టుకుని పడుకున్నాడు కదా, ఎక్కడ దాచారు? అదీ అతను అడిగింది.

అంత ఎండలో నా పళ్ళు టకటకలాడాయి. అతనికి మేం ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో ఒక్క ముక్క చెప్పలేదు. వదినకీ నా అంత అరబ్బీ వచ్చు. ఆమె అక్కడే, ఆ ఇసుకలోనే కూలబడిపోయింది.

ఆమె అలా పడిపోవడం చూసి అతనే కంగారుపడ్డాడు. పాస్‌పోర్టులు మా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపొమ్మన్నాడు.

"ఆయన పోయారు సుశీలా. పోయి నా దగ్గరికే వచ్చారు" అంది వదిన బండెక్కాక. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అప్పటిదాకా దారి పొడుగునా గొణుగుతున్న ప్రార్థన కూడా ఆపేసింది. నేను ఎందరి చావుకబురో ఎందరికో చెప్పినదాన్ని, ఆమె చేతిలో నీళ్ళ గ్లాసు మాత్రం పెట్టాను. అనుమానం పెనుభూతం అంటారు. కానీ ఆ కుర్రాడికి మా అనుమానం ఎలా తెలుస్తుంది? మా ఆయన వెనక కనిపించే అద్దాన్ని పైకి తిప్పేశాడు. అబూధాబీ దాకా అలాగే నడిపాడు.

అక్కడ మాకు తెలిసిన చర్చి వాళ్ళింట్లో ఆ రాత్రి గడిపాం. మస్కట్‌కి ఫోన్ కలవలేదు. పొద్దున్నే బయల్దేరి ఒమాన్ సరిహద్దుకి వెళ్ళాం. అక్కడున్న పెద్దాయన వెనక్కి తొంగి చూశాడు. మూడు పాస్‌పోర్టులకీ ముద్రలేసి తిరిగిచ్చాడు. అంతే, ఒక్క మాట అడగలేదు.

హమ్మయ్య అనుకోవాలా? వదిన సీటు మధ్యలోకి జరిగి కూర్చుంది. "దిగిపోయారు" అంది. అప్పుడు ఏడ్చింది. మస్కట్ చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో నేను ముందు నడిచాను. ఏ మాట వినాలన్నా ముందు నేనే వినాలని. వార్డు సిస్టర్ మలయాళీ. పేరు చెప్పగానే నవ్వింది. "పొద్దున కళ్ళు తెరిచాడు" అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు.

అన్నయ్య మంచం మీద ఉన్నాడు. తలకి కట్టు, మొహం వాచిపోయి ఉంది. వదినని చూశాడు, మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. గొంతు బొంగురుగా, కోపంగా అన్నాడు.

"ఏంటర్రా మీరు? ముగ్గురూ స్టీలు గ్లాసులు నింపుకుని తాగుతారు. నాకు చుక్క నీళ్ళు పోశారా? అడుగుతూనే ఉన్నాను కదా!"

అతను వదిన వైపు తిరిగాడు. "పైగా ఆ రాయొకటి నడుం కింద. తియ్యవే అంటే వినిపించుకోవు."

అన్నేళ్ళ సర్వీసులో ఆసుపత్రి నేల మీద కూర్చుండిపోవడం అదే మొదలు. రాయి సంగతి మా ముగ్గురికి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. స్పృహ లేనివాళ్ళకి దాహం వేస్తుంది, నీళ్ళ కలలొస్తాయి, ఒప్పుకుంటాను. స్టీలు గ్లాసులు ప్రతి తెలుగింట్లోనూ ఉంటాయి, అదీ ఒప్పుకుంటాను. మరి రాయి?

వారం తిరిగేసరికి అన్నయ్యకి ఆ మాటలేవీ గుర్తు లేవు. "నేనా? నీళ్ళడిగానా?" అని మమ్మల్నే ఎగతాళి చేశాడు. వదిన ఆ రాయిని ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో పారేసింది. పని అయింది కదా.

ఎనభైల మధ్యలో నాకు షికాగోలో ఉద్యోగం వచ్చింది. మేం వచ్చిన కొన్నాళ్ళకి వదినా వాళ్ళూ షామ్‌బర్గ్ చేరారు. ఆ తర్వాత ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, నేను నీళ్ళు పోస్తుంటే అన్నయ్య గ్లాసు ముందుకి జరిపి, "చెల్లెమ్మా, ఈసారైనా నాకు పోస్తావా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, కొంచెం ఆలస్యంగా.

ఆ దశాబ్దం చివర ఒక చలికాలంలో అన్నయ్య గుండెపోటుతో పోయాడు. ఈసారి నిజంగానే. నేనే పక్కనున్నాను, నాడి నేనే చూశాను. సందేహం లేదు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక చర్చి వాళ్ళందరూ వెళ్ళిపోయారు. మేం ముగ్గురం మిగిలాం. కారు దగ్గరికి నడుస్తుంటే నాకు హఠాత్తుగా తట్టింది, ముగ్గురం. నవ్వుకోండి మీ ఇష్టం, నేనే, రాయికి వీసా అడిగిన నేనే, వంగి రాయి కోసం వెతికాను. మోకాలి లోతు మంచు. చేతి గ్లవ్‌తో తవ్వినా గులకరాయి దొరకలేదు. "ఏం చేస్తున్నావ్?" అన్నాడు మా ఆయన. "ఏం లేదు పదండి" అన్నాను.

వదిన ముందురోజు నుంచీ ఏమీ తినలేదు. కాస్త సూపైనా తాగించాలని దారిలో ఒక చిన్న రెస్టారెంట్ దగ్గర ఆపాం. మధ్యాహ్నం, లోపల పెద్దగా జనం లేరు. తలుపు దగ్గరున్న అమ్మాయి నవ్వుతూ మెనూ కార్డులు తీసింది. నాలుగు తీసింది.

"త్రీ" అన్నాడు మా ఆయన.

ఆ అమ్మాయి మా వెనక్కి చూసింది. మూసి ఉన్న తలుపు వైపు. "ఓ, ఐయామ్ సారీ. ఐ థాట్ హి వజ్ విత్ యూ" అని ఒక కార్డు వెనక్కి పెట్టింది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. వెళ్ళి కూర్చున్నాం. ఇంకో అమ్మాయి ట్రేలో ఐసు నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు గ్లాసులు. ఒకటి తీసి వెనక్కి ఇవ్వబోయాను.

"ఉండనీ సుశీలా, తియ్యకు" అంది వదిన.

ఆమె బెంచీ చివరికి, గోడకి అతుక్కుని జరిగింది. ఆ గ్లాసుని తన పక్కన ఖాళీ జాగా ముందు పెట్టింది. మొహంలో భయం లేదు.

"ఈసారి అడిగించుకోలేదులెండి. తాగండి" అంది.

మా ఆయన తల దించుకున్నాడు. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పక్క బల్లల వాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

ఆ రోజు మా దగ్గర రాయి లేదు. ఆ అమ్మాయికి అన్నయ్య ఎవరో తెలియదు. ఎడారిలో బతికున్న మనిషి కనిపించాడు, మంచులో పోయిన మనిషి కనిపించాడు. రెండూ ఎలా కుదురుతాయో ఎంత తల పగలగొట్టుకున్నా నాకు అంతుబట్టలేదు. దయ్యాలున్నాయా అని అడిగితే ఇప్పటికీ లేవనే అంటాను, గట్టిగానే అంటాను. కానీ మేం ముగ్గురం ఎక్కడ భోజనానికి కూర్చున్నా నాలుగు గ్లాసుల్లో నీళ్ళు పోస్తాను. నాలుగోది ముందు పోస్తాను.